దీపం మెడలో బిళ్ళ

నేను ఏం చదువుతున్నానో మా అత్తకి చెప్పడానికి ఆరు నెలలు పట్టింది. పెళ్ళయిన కొత్తలో అడిగింది, "బడికెల్తావా, ఆఫీసుకెల్తావా?" అని. రెండూ కాదన్నాను. "మరేటి సేత్తావే రోజూ రైలెక్కి?" అంది. యురేనియం కలిసిన లోహాలకు హైడ్రోజన్ పట్టిస్తే వాటి అయస్కాంత గుణం, వేడిని దాచుకునే గుణం ఎలా మారతాయో చూస్తాను అని చెబితే ఏం బాగుంటుంది? చివరికి ఒకరోజు, "రాళ్ళకి గాలి పట్టించి, అవి ఎంత వేడి తాగుతాయో కొలుస్తాను అత్తా," అన్నాను.

"అదేటి, పొయ్యి దగ్గర కూకుంటే నేనూ సెప్తాను," అంది వంకాయలు తరగడం ఆపకుండానే.

అది గొప్పలకు అన్న మాట కాదు. ఆవిడకి వేడి తెలుసు. కశింకోట దగ్గర ఒక ఊళ్ళో బెల్లం వండే పెనం పక్కన ఇరవై ఏళ్ళు నిలబడిన మనిషి. మామగారు పోయాక చెరకు పొలం తమ్ముడికి అప్పగించి, అనకాపల్లి బెల్లం మార్కెట్టులో పనిచేసే కొడుకు దగ్గరికి వచ్చేసింది. ఆవిడ ముంజేతుల మీద పాకం చింది కాలిన మచ్చలు చుక్కలు చుక్కలుగా ఉండేవి. ఆ కొడుకే మా ఆయన. బెల్లం దిమ్మని చిన్న సుత్తితో మూల దగ్గర పగలగొట్టి, లోపలి రంగు చూసి, ఒక ముక్క నోట్లో వేసుకుని అది ఏ రకమో చెప్పడం ఆయన పని. ఇంట్లో కూడా అంతే, ఎక్కువ మాట్లాడడు, చూస్తాడు.

మొదటి చలికాలం అత్త నన్ను వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. తమ్ముడి పాకలో బెల్లం వండుతున్నారు. నాకు కొత్త చదువు పొగరు, ల్యాబ్ నుంచి పొడుగాటి తీగ ఉన్న డిజిటల్ థర్మామీటర్ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. పెనంలో చెరకు రసం మరిగి మరిగి చిక్కబడుతూంటే తీగ ముంచి కూర్చున్నాను. అత్త నా వైపు చూడను కూడా లేదు. చెంబులో చన్నీళ్ళు పెట్టుకుని, గరిటెతో పాకం చుక్క అందులో వేసి, వేళ్ళతో ఉండ చేసి పళ్ళేనికేసి కొట్టేది. మెత్తగా అతుక్కుంటే మళ్ళీ గరిటె తిప్పేది. టక్కున మోగితే, "దించండ్రా!" అనేది. ఆ రోజు నాలుగు పెనాలు దించారు. ఆవిడ దించమన్న ప్రతిసారీ నా మీటరు దాదాపు ఒకే అంకె చూపించింది. ఆ మాట చెబితే ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. "నీ తీగకేటి తెలుసే? నన్ను సూసి నేర్సుకుంటంది," అంది. అక్కడున్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి, ఎవరడిగినా, "మా కోడలుదీ నా పనే, కాపోతే సిన్న సిన్న గిన్నెల్లో సేత్తాది," అని చెప్పేది.

ఆ చిన్న గిన్నెల సంగతి కూడా చెప్పాలి. రోజూ పొద్దున్న ప్యాసింజర్లో విశాఖపట్నం వెళ్ళి సాయంత్రం వచ్చేదాన్ని. ల్యాబ్‌కి వేరే ఊరి నుంచి చొక్కా గుండీలంత లోహపు ముక్కలు సీసాల్లో వచ్చేవి. ఇంధనానికి పనికొచ్చే భాగం చాలావరకు తీసేసిన యురేనియాన్ని, నికెల్‌నీ, అల్యూమినియాన్నీ కలిపి కరిగించినవి. వాటిని ఉక్కు గొట్టంలో పెట్టి, లోపలి గాలి తోడేసి, వేడిచేసి హైడ్రోజన్ వదిలేదాన్ని. గొట్టంలో ఒత్తిడి చూపే మీటరు ముల్లు మెల్లగా పడిపోతూంటే ముక్క తాగుతోందని అర్థం. తాగినకొద్దీ ఉబ్బుతుంది, ఉబ్బి పగిలి, చివరికి నల్లటి పొడిగా రాలిపోతుంది. ఆ పొడిని నమ్మకూడదు. గాలి తగిలితే అంటుకునే రకం. అందుకని ఆర్గాన్ నింపిన గాజు పెట్టెలో, పెట్టెకే బిగించి ఉన్న రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి పని చెయ్యాలి.

పొడి అయితే ఏం వస్తుందంటే, లోపల యురేనియం పరమాణువులు ఒకదానికొకటి ఎడమవుతాయి. ఇరుకిరుగ్గా ఉన్నప్పుడు వాటి అయస్కాంతత్వం నలిగిపోయి ఉంటుంది. కాస్త చోటు దొరికితే ఒక్కొక్కటీ తన అయస్కాంతాన్ని తను నిలబెట్టుకుంటుంది. కొత్త కోడలిగా కాపురం చేస్తున్న నాకు ఈ విషయం చాలా నచ్చేది. మామూలు ముక్కలో ఆ అయస్కాంతాలన్నీ ఒక వరసలోకి రావడం చూడాలంటే ద్రవ హీలియమంత చలి కావాలి, అది మా దగ్గర లేదు. హైడ్రోజన్ పట్టిన పొడిలో మాత్రం ద్రవ నైట్రోజన్ చలికి కాస్త పైనే వస్తాయి. నైట్రోజన్ మా దగ్గర డబ్బాలకొద్దీ ఉండేది. నా థీసిస్ మొత్తం ఆ తేడా మీద బతికింది.

వేడి కొలిచే పద్ధతి ఇంకొంచెం ఓపిక అడుగుతుంది. పొడిని బిళ్ళగా నొక్కి, కాస్త గ్రీజు రాసిన చిన్న పళ్ళెం మీద అతికించి, కొద్దికొద్దిగా వేడి ఇస్తూ ఎంత ఉష్ణోగ్రత పెరిగిందో రాసుకోవాలి. అయితే పళ్ళెమూ, గ్రీజూ కూడా వేడి తాగుతాయి. కాబట్టి ముందు ఖాళీ పళ్ళెం కొలిచి పెట్టుకోవాలి. తర్వాత బిళ్ళతో కొలిచి, అందులోంచి ఖాళీది తీసేస్తే మిగిలింది బిళ్ళది. ఖాళీగా కొలవడం మర్చిపోతే ఆ తర్వాత ఎన్ని తెలివితేటలున్నా లాభం లేదు. మా గైడు గారు ఈ మాట వారానికోసారి అనేవారు. ఆ అయస్కాంతాల వరస చెదిరే చోటు దగ్గర ఇంకో తమాషా ఉంటుంది. వేడి ఇస్తూనే ఉంటాం, అంకె మాత్రం తొందరగా కదలదు. ఇచ్చిందంతా లోపల ఎక్కడికో పోతుంది.

ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళందరికీ జేబుకి తగిలించుకునే బ్యాడ్జి ఒకటి ఉండేది. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా, వెనక క్లిప్పు, లోపల చిన్న బిళ్ళలు అమర్చిన రేకు. మన మీద పడ్డ రేడియేషన్‌ని ఆ బిళ్ళలు దాచుకుంటాయి. మూడు నెలలకోసారి రేకుని పరీక్షకి పంపుతారు. అక్కడ దాన్ని వేడిచేస్తే, దాచుకున్నదంతా వెలుగుగా బయటికి వచ్చేస్తుంది. ఆ వెలుగు కొలిచి ఎవరి మీద ఎంత పడిందో స్లిప్పు పంపుతారు. ఒకసారి వేడి తగిలిందంటే అంతే, బిళ్ళలో ఇంకేమీ మిగలదు. అందుకని దాన్ని ఎండలో పెట్టకూడదు, పొయ్యి దగ్గర పెట్టకూడదు, అసలు ఇంటికే తీసుకెళ్ళకూడదు. సాయంత్రం వెళ్ళేటప్పుడు గోడ మీది బోర్డుకి తగిలించి పోవాలి. ఈ నియమం నేనే కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేదాన్ని.

పెళ్ళయిన రెండో ఏడు, దసరాకి పది రోజుల ముందు నాకు నెల తప్పిందని తెలిసింది. తెలిసినవెంటనే గైడు గారికి చెప్పాలి, చెబితే పొడి దగ్గర పని మానిపిస్తారు. అదీ నియమమే. నేను చెప్పలేదు. ఆ నెలంతా తంటాలు పడి తయారుచేసిన పొడి మీద వేడి కొలతలు సగంలో ఉన్నాయి. పండగ సెలవులకి ముందు పూర్తిచేసి, సెలవుల తర్వాత చెబుదామనుకున్నాను. ఆ పది రోజుల్లో ఒకసారి, గాజు పెట్టెలోంచి బిళ్ళ బయటికి తీస్తూంటే చిటికెడు పొడి బయటి పళ్ళెంలో పడి, చిన్న నిప్పురవ్వలా వెలిగి ఆరిపోయింది. మూతికి మాస్కు ఉంది. తడిగుడ్డతో తుడిచేశాను. ఎవరికీ చెప్పలేదు. చదువుకున్నదాన్నే, నియమాలు చెప్పేదాన్నే. కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకోను?

సెలవుల ముందురోజు కొలత అయ్యేసరికి రైలు టైమయిపోయింది. పరుగెత్తాను. రైల్లో కూర్చున్నాక చూసుకుంటే బ్యాడ్జి నా చున్నీకే ఉంది. ఇంటికొచ్చి సంచి పక్కజేబులో పెట్టి, సెలవులయ్యాక పట్టుకెళదాంలే అనుకున్నాను.

మహానవమినాడు మా ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ చేస్తారు. పొద్దున్నే అత్త పీటలు వేసి, వాటి మీద ఆయన సుత్తి, తన కత్తిపీట, కుట్టు మిషను చక్రం, మామగారు వాడిన చెరకు కత్తి వరసగా పెట్టి పసుపు, కుంకుమ అద్దుతోంది. మధ్యలో మోకాలెత్తు ఇత్తడి కుంది, ఐదు వత్తులు. మర్నాడు దశమి దాకా దీపం కొండెక్కకూడదు, అప్పటిదాకా పనిముట్లు ఎవరూ ముట్టుకోకూడదు. నేను పక్కన కూర్చుని బంతిపూల దండలు కడుతున్నాను.

"అందరియ్యీ ఉన్నాయి. నీదేదే?" అంది.

"నావన్నీ ల్యాబ్‌లోనే ఉన్నాయి అత్తా."

"నీ సంచీలో పలకలాటిది సూసేన్లే. అది నీ పనిముట్టు కాదా?"

కడుపులో వికారంగా ఉంది. దండ చివర ముడి పడటంలేదు. "ఆఁ, అదీ పనిముట్టే. ఆ రాళ్ళలోంచి వచ్చేదంతా దాంట్లో బిళ్ళలో పడుతుంది," అన్నాను తల ఎత్తకుండా. ఆవిడ వెళ్ళి బ్యాడ్జి తెచ్చి, కొంగుతో తుడిచి, కుంకుమ బొట్టు పెట్టింది. క్లిప్పు చూసి ముచ్చటపడింది కాబోలు, దాన్ని పీట మీద పెట్టకుండా, కుంది మెడకి, వత్తుల గిన్నెకి కాస్త కిందుగా తగిలించింది. కోడలి పనిముట్టు కదా, అన్నిటికన్నా ఎత్తున ఉండాలి. నేను చూశాను. చూసి కూడా చూడనట్టే ఉండిపోయాను. వికారం వస్తే పెరట్లోకి పరుగెత్తాను, తిరిగొచ్చి పడుకున్నాను.

దశమినాడు పొద్దున్న గుర్తొచ్చింది. వెళ్ళి కుందిని ముట్టుకుంటే మెడ దగ్గర వేలు పెట్టలేనంత వేడి. బ్యాడ్జి డబ్బా ఒక మూల కరిగి వంగిపోయింది. విప్పి చూస్తే లోపల రేకు చెక్కుచెదరలేదు. కుంకుమ తుడిచాను. వంకరపోయిన మూలని వేళ్ళతో నొక్కి సరిచేయబోయాను, కుదరలేదు. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. ఇంటికి ఎందుకు తెచ్చావంటే ఏం చెప్పను? సెలవులయ్యాక మామూలుగా బోర్డుకి తగిలించాను. ఆ రోజే గైడు గారికి కడుపుతో ఉన్నానని చెప్పాను. ఎప్పటినుంచి తెలుసని అడిగితే, నిన్ననే తెలిసిందన్నాను. ఆయన వెంటనే నన్ను కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి, ఇటువైపు రావద్దన్నారు.

కార్తీకమాసంలో పోయింది. ఒక సోమవారం మధ్యాహ్నం మొదలై, సాయంత్రానికి అయిపోయింది. ఆటోలో దగ్గర్లోని నర్సింగ్ హోముకి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ, "మొదటివి ఇలా పోతూనే ఉంటాయమ్మా, కారణమంటూ ఉండదు చాలాసార్లు," అంది. ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. నేను గోడ మీది క్యాలెండర్లో ఆ నెలకి ఎన్ని ఆదివారాలున్నాయో లెక్కపెడుతున్నాను. ఐదు ఉన్నాయి.

నాకు ఏమీ అనిపించలేదు. ఇది గొప్పకి చెప్పడంలేదు. ఏడుపు వస్తుందని అందరూ చుట్టూ కూర్చున్నారు, రాలేదు. అన్నం పెడితే తిన్నాను. చారులో ఉప్పు వేశారో లేదో కూడా తెలియలేదు. అత్త నా మంచం పక్కకి వచ్చేది, నీళ్ళగ్లాసు పెట్టేది, నన్ను ముట్టుకోకుండా వెళ్ళిపోయేది. అంతకుముందు జ్వరం వస్తే గంటకోసారి నుదుటి మీద చెయ్యి వేసి అంకె చెప్పే మనిషి. నాలుగో రోజు చూస్తే పూజగదిలో పెద్ద కుంది లేదు, మట్టి ప్రమిద వెలుగుతోంది. కుంది అటకెక్కిందని ఆయన చెప్పాడు. నా మీద కోపం దేవుడి మీద చూపిస్తోంది అనుకున్నాను. అలా అనుకున్నప్పుడు కూడా నాకు బాధ కలగలేదు. అనుకున్నాను, అంతే.

చూడ్డానికి వచ్చినవాళ్ళు మాత్రం దాచుకోలేదు. "ఆ రాళ్ళ దగ్గర పనేటమ్మా ఆడపిల్లకి? మందులు కొట్టే పొలంలోకే కడుపుతో ఉన్నోల్లని ఎల్లనివ్వరు," అంది వరసకి పినత్తగారు. ఆవిడ వెళ్ళాక ఆయన నా దగ్గర కూర్చున్నాడు.

"నిజమేనా?" అన్నాడు.

"తెలీదు. అవకపోవడానికే ఎక్కువ వీలుంది. అవలేదని మాత్రం చెప్పలేను."

"తెలుసుకోడానికి దారి లేదా?"

"బ్యాడ్జి స్లిప్పు వస్తుంది. రెండు మూడు నెలలు పడుతుంది."

"అది రానీ. అందులో ఏదన్నా ఉంటే ఇంక నువ్వు అటెల్లొద్దు. ఏమీ లేకపోతే ఎవడేటన్నా నేను సమాధానం సెప్తాను," అన్నాడు. తప్పు నాదో కాదో, నా పని ఉంటుందో పోతుందో, అన్నీ ఆ స్లిప్పు చెప్పాలి. ఆ బిళ్ళ ఒక పగలూ ఒక రాత్రీ దీపం మెడలో వేలాడిందని అప్పుడే చెప్పి ఉండాల్సింది. అప్పుడు నాకు నిజం మీద కూడా ఆసక్తి లేదు.

నెలాఖరుకి రేకులన్నీ పరీక్షకి వెళ్ళాయి. నేను ఇంటికీ ల్యాబ్‌కీ తిరుగుతూ కంప్యూటర్లో గీతలు గీసుకునేదాన్ని. ఆ పది రోజుల్లో తీసిన కొలతలు చాలా బాగా వచ్చాయి. ఖాళీ పళ్ళేనిది తీసేశాక, నైట్రోజన్ చలికి కాస్త పైన, గీత మీద చక్కటి ముక్కు ఒకటి లేచింది. అయస్కాంతపు కొలతలో కూడా సరిగ్గా అక్కడే మలుపు. గైడు గారు భుజం తట్టబోయి, ఏం గుర్తొచ్చిందో చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేను ఆ ముక్కు వైపు చాలాసేపు చూశాను. దీనికోసమే కదా పది రోజులు నోరు మూసుకున్నాను అనుకున్నాను. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు.

శివరాత్రి వెళ్ళిన వారం స్లిప్పు వచ్చింది. నా పేరుకి ఎదురుగా సున్నా.

ఆయనకి చూపిస్తే, రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. మార్కెట్టులో బావ వరసవాళ్ళకి కూడా చూపించినట్టున్నాడు, పినత్తగారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. "సూసేవా, నీ తప్పేటీ లేదు," అన్నాడు నాతో. ఆయన ముఖంలో ఆ వెలుగు చూశాక ఇంక చెప్పడం నావల్ల కాలేదు. అత్తకి స్లిప్పు చదివి వినిపించాడు. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. "సున్నా అంటే దాంట్లో ఏటీ మిగల్లేదనా?" అని మాత్రం అడిగింది. అవునన్నాడు. ఆవిడ ముఖం పాలిపోయింది, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు. మర్నాటి నుంచి మళ్ళీ ప్యాసింజరెక్కాను, మళ్ళీ రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టాను. జేబుకి అదే డబ్బా, అదే వంకర మూల. రేకు మారుతుంది గాని డబ్బా మారదు.

అలా ఏడాది గడిచింది. మళ్ళీ నవమి వచ్చింది. ఈసారి బ్యాడ్జిని నేనే రెండుసార్లు చూసుకుని బోర్డుకి తగిలించి వచ్చాను. అత్త పీటలు వేసింది. సుత్తి, కత్తిపీట, మిషను చక్రం, చెరకు కత్తి. మధ్యలో కుంది లేదు, మట్టి ప్రమిదే. "నాది ఇదిగో," అని నా క్యాలిక్యులేటర్ ఇచ్చాను. ఆవిడ దానికి బొట్టు పెట్టి, అన్నిటికన్నా చివర, గోడ వారకి జరిపి పెట్టింది.

"అంత దూరంగా పెట్టేవేంటి అత్తా?"

"ఏడికి దూరంగా ఉండనీ." ప్రమిద సర్దుతూ, "ఆ బిల్ల తేలేదు కదా?" అంది.

"తేలేదు."

"మంచి పని సేసేవు." పసుపు గిన్నెలో వేలు తిప్పింది. తిప్పుతూనే అంది. "పోయినేడు దాని మూల కరిగిపోయింది. నువ్వు తుడుత్తంటే నేను తలుపు కాడే ఉన్నాను. సూసేను."

ఈవిడకి తెలుసు. ఏడాదిగా తెలుసు. కొడుకుకి చెప్పకుండా నన్ను కాపాడుతూ వచ్చిందా, లేక సమయం కోసం చూసిందా? "మరి నన్ను అడగలేదేం?" అన్నాను.

"ఏటని అడుగుతానే? నువ్వే సెప్పేవు కదా, ఆ రాళ్ళలోంచి వచ్చేదంతా ఆ బిల్లలో పడతాదని. దాన్నట్టికెల్లి నేను దీపానికి కట్టేను. పగలూ రేత్రీ కాసేను. సెరుకు రసం కాత్తే నీరు పైకి పోదా? అలాగే దాంట్లోంది ఏడికి బయటికొచ్చీసింది. నువ్వు పక్కనే కూకుని దండలు కడతన్నావు, కడుపుతోటి. నాకు తెలదు నువ్వు కడుపుతో ఉన్నావని. తెలిత్తే..." ఆవిడ పసుపు గిన్నె పక్కన పెట్టేసింది. "కాయితంలో సున్నా అన్నాడు వాడు. దాంట్లో ఏటీ మిగల్లేదంటే, ఉన్నదంతా ఎక్కడికి పోయినట్టు? ఈ గదిలోకే కదా. నీలోకే కదా. నేనే సంపేనే దాన్ని."

పాకాన్ని వేలితో చూసి చెప్పగలిగిన మనిషి. వేడి పెడితే లోపలిది బయటికి వస్తుందన్న మాట దగ్గర కూడా ఆవిడ తప్పు చెప్పలేదు. నిజంగానే వచ్చింది, కంటికి ఆననంత వెలుగై, మేం బంతిపూలు గుచ్చుకుంటూండగా. అది ఎవరినీ ఏమీ చేయదని ఒక్కటే ఆవిడకి తెలియదు. ఆ ఒక్క ముక్కా చెప్పగలిగినదాన్ని నేనే. ఏడాదిపాటు పక్కగదిలో ఉండి చెప్పలేదు. నా నుదుటి మీద చెయ్యి వెయ్యకపోతే కోపమనుకున్నాను. కుంది అటకెక్కితే కోపమనుకున్నాను. ఆవిడ తన చెయ్యే విషమనుకుని నాకు దూరంగా పెట్టుకుంది. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. ఏడాదిలో నాకు ఏదన్నా తగలడం అదే మొదటిసారి.

"అత్తా, ఇలా చూడు," అన్నాను. "దాంట్లో విషం ఉండదు. అది సాక్షి లాంటిది. నా మీద ఎంత పడిందో గుర్తుపెట్టుకుంటుంది, అంతే. దీపం వేడికి ఆ గుర్తు చెరిగిపోయింది. సున్నా అందుకే వచ్చుంటుంది. దాంట్లోంచి నాకు తగిలేది ఏమీ లేదు."

ఆవిడ నమ్మలేదు. "ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

చాలాసేపు నా ముఖంలోకి చూసింది. ఉండ చేసి పళ్ళేనికేసి కొట్టేముందు చూసినట్టే చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మరయితే ఆ కాయితం అబద్ధమా?"

"అబద్ధమనీ చెప్పలేం. ఏమీ చెప్పని కాగితం."

"అంటే నీవల్లో కాదో తెలదా?"

"తెలీదు. నేను పది రోజులు తెలిసి కూడా ఆ పొడి దగ్గర పని చేశాను అత్తా. ఎవరికీ చెప్పలేదు. దానివల్లే అయిందేమో, అసలు దానికీ దీనికీ సంబంధమే లేదేమో. ఇంక ఎప్పటికీ తెలీదు."

"నావల్ల?"

"నీవల్ల కాదు. అదొక్కటి తెలుసు."

ఆవిడ పసుపు చేతులతోనే ముఖం కప్పుకుంది. నాకన్నా ముందే ఏడుపు మొదలుపెట్టింది. నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని, పోయిన కార్తీకంలో రావలసిన ఏడుపంతా అప్పుడు ఏడ్చాను. చిన్నపిల్లలా, శబ్దం వచ్చేలా ఏడ్చాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసింది. ఏ అంకే చెప్పలేదు.

కాస్త తెరిపిన పడ్డాక, "ఆయనకి చెప్పాలి," అన్నాను.

"దిమ్మ పగలగొట్టి లోపలేటుందో సూసే మనిషి. తట్టుకుంటాడు. సాయంత్రం ఇద్దరం సెబుదాం," అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "ముందు ఆ కుంది దించు," అంది.

స్టూలు వేసుకుని అటక మీంచి దించాను. ఏడాది దుమ్ము. పెరట్లో కూర్చుని చింతపండు పెట్టి ఇద్దరం తోమాం. మెడ దగ్గర, వత్తుల గిన్నెకి కాస్త కిందుగా, కరిగిన ప్లాస్టిక్ చుక్క ఒకటి ఇత్తడికి అంటుకుని ఉంది. అత్త గోటితో గీకింది. రాలేదు. కత్తి తేబోయింది.

"ఉండనీ అత్తా," అన్నాను.

ఆవిడ ఒక క్షణం దాన్ని బొటనవేలితో తడిమింది. తర్వాత కుందిని నీళ్ళతో కడిగి, తుడిచి, లోపలికి తీసుకెళ్ళి ఐదు వత్తులూ వేసింది.